బ్యాక్టీరియా జన్యువుకు ఫ్యాన్ రెగ్యులేటర్..! యాంటీబయాటిక్ ఎక్కడ దెబ్బకొడుతుందో ఇలా పట్టేస్తున్నారు

ఇన్‌ఫెక్షన్ వస్తే డాక్టర్ యాంటీబయాటిక్ రాస్తారు. కోర్సు పూర్తి చేస్తాం, తగ్గిపోతుంది. ఆ మాత్ర బ్యాక్టీరియాను సరిగ్గా ఎక్కడ కొట్టిందన్నది మనం పట్టించుకోం. కానీ కొత్త మందు కనిపెట్టాలనుకునే సైంటిస్టులకు మొదటి ప్రశ్న అదే. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి వాళ్లు వాడుతున్న ఓ టెక్నిక్ ఇప్పుడు చాలా కీలకంగా మారింది. బ్యాక్టీరియాలోని ఒక జన్యువును ఫ్యాన్ రెగ్యులేటర్‌లా తిప్పుతారు. స్పీడు తగ్గిస్తారు, పెంచుతారు, ఆ తర్వాత మందు వేసి ఏం జరుగుతుందో చూస్తారు. అసలు ఇదెలా పనిచేస్తుంది? దీంతో మనకేంటి లాభం? వివరంగా చూద్దాం.

ఇప్పుడే ఎందుకు ఇంత ముఖ్యం?

మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా నేరుగా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ జర్నల్ 2022లో ప్రచురించిన అంచనా చెబుతోంది. ఇక టీబీ సంగతి చూస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2023లో 1.08 కోట్ల మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చింది. అందులో దాదాపు 26 శాతం మంది మన దేశంలోనే ఉన్నారు.

అంటే కొత్త మందులు కావాలి. పాత మందులు కొట్టే చోటే మళ్లీ కొడితే, ఇప్పటికే తప్పించుకోవడం నేర్చుకున్న బ్యాక్టీరియా మళ్లీ తప్పించుకోవచ్చు. అందుకే కొత్త చోటు వెతకాలి. ఆ చోటునే సైంటిస్టులు 'టార్గెట్' అంటారు.

టార్గెట్ అంటే ఏంటి?

బ్యాక్టీరియా ఒక చిన్న ఫ్యాక్టరీ లాంటిది. గోడ కట్టే మెషీన్లు, డీఎన్‌ఏను కాపీ చేసే మెషీన్లు, ప్రోటీన్లు తయారుచేసే మెషీన్లు అన్నీ అందులోనే ఉంటాయి. ఒక్కో యాంటీబయాటిక్ ఒక్కో మెషీన్‌ను పట్టుకుంటుంది.

పెన్సిలిన్ కుటుంబం గోడ కట్టే ఎంజైమ్‌లను ఆపేస్తుంది. సిప్రోఫ్లాక్ససిన్ డీఎన్‌ఏ మెలికలను సరిచేసే గైరేజ్ అనే ఎంజైమ్ మీద పడుతుంది. అజిత్రోమైసిన్ ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌కు అడ్డుపడుతుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ అయితే జన్యువు నుంచి సమాచారాన్ని కాపీ తీసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ను బిగించేస్తుంది.

మనిషి శరీరానికి హాని చేయకుండా, బ్యాక్టీరియాకు మాత్రం ప్రాణం మీదికి తెచ్చే మెషీన్ దొరకాలి. అదే మంచి టార్గెట్.

జన్యువును తీసేస్తే సరిపోదా?

ఏ మెషీన్ అవసరమో తెలుసుకోవాలంటే దాన్ని తీసేసి చూడొచ్చు కదా అనిపిస్తుంది. జపాన్ సైంటిస్టులు 2006లో సరిగ్గా అదే చేశారు. ఈ.కోలి బ్యాక్టీరియాలో ఒక్కో జన్యువును తీసేస్తూ వెళ్లారు. దానికున్న సుమారు 4,300 జన్యువుల్లో దాదాపు 300 మాత్రం తీయడానికి వీల్లేకపోయింది. ఎందుకంటే వాటిని తీసేస్తే బ్యాక్టీరియా బతకదు.

చిక్కు కూడా అక్కడే ఉంది. యాంటీబయాటిక్‌కు పనికొచ్చే టార్గెట్లు ఎక్కువగా ఆ 300లోనే ఉంటాయి. కానీ తీసేయగానే బ్యాక్టీరియా పుట్టనే పుట్టదు. ఇక స్టడీ చేయడానికి ఏం మిగులుతుంది? అందుకే పూర్తిగా తీసేయకుండా, మనకు కావాల్సినప్పుడు తగ్గించే ఏర్పాటు కావాలి. ఉత్త స్విచ్ సరిపోదు, రెగ్యులేటర్ ఉండాలి.

ఆ రెగ్యులేటర్ బ్యాక్టీరియాలోనే ఉంది!

ఇదేదో మనుషులు గాల్లోంచి సృష్టించింది కాదు. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1961లో ఒక విషయం తేల్చారు. ఈ.కోలికి పాలలో ఉండే లాక్టోజ్ చక్కెర దొరికినప్పుడే, దాన్ని జీర్ణం చేసుకునే జన్యువులు ఆన్ అవుతాయి. లాక్టోజ్ లేనప్పుడు ఒక కాపలా ప్రోటీన్ డీఎన్‌ఏ మీద కూర్చుని దారి మూసేస్తుంది. లాక్టోజ్ రాగానే అది పక్కకు తప్పుకుంటుంది. ఈ పనికి 1965లో వాళ్లకు ఆంద్రే ల్వాఫ్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ల్యాబ్‌లో ఇప్పుడు లాక్టోజ్ బదులు దాన్ని పోలిన ఐపీటీజీ అనే రసాయనం వాడతారు. బ్యాక్టీరియా దాన్ని తినేయలేదు కాబట్టి మోతాదు తగ్గిపోదు. మనకు కావాల్సిన జన్యువు ముందు ఈ లాక్టోజ్ స్విచ్‌ను అతికిస్తారు. ఐపీటీజీ ఎక్కువ వేస్తే జన్యువు ఎక్కువ పనిచేస్తుంది, తక్కువ వేస్తే తక్కువ. కొన్ని బ్యాక్టీరియాల్లో అరబినోజ్, జైలోజ్ అనే చక్కెరలతోనూ ఇదే పని చేయిస్తారు.

టెట్రాసైక్లిన్ స్విచ్.. వెనుక మన తెలుగువాడి టీమ్

ఇంకో పాపులర్ స్విచ్ టెట్రాసైక్లిన్‌ది. ఇది బ్యాక్టీరియా తన రక్షణ కోసం పెట్టుకున్న అలారం లాంటిది. టెట్రాసైక్లిన్ మందు లోపలికి రాగానే, డీఎన్‌ఏను పట్టుకుని ఉన్న టెట్‌ఆర్ అనే ప్రోటీన్ వదిలేస్తుంది. వెంటనే మందును బయటికి తోడేసే పంపు జన్యువు ఆన్ అవుతుంది. సైంటిస్టులు ఈ అలారాన్ని తీసుకుని, పంపు జన్యువు స్థానంలో తమకు కావాల్సిన జన్యువును పెట్టారు. బటన్ నొక్కడానికి అన్‌హైడ్రోటెట్రాసైక్లిన్ అనే బంధువు రసాయనాన్ని వాడతారు. ఇది చాలా కొద్ది మోతాదులోనే స్విచ్‌ను నొక్కుతుంది, ఆ మోతాదులో బ్యాక్టీరియాకు పెద్దగా ఇబ్బంది ఉండదు.

టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదట వచ్చింది ఆరియోమైసిన్. 1948లో అది ప్రపంచానికి తెలిసింది. అమెరికాలోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో బెంజమిన్ డగ్గర్ దాన్ని కనుగొన్నారు. అప్పుడు అక్కడ రీసెర్చ్‌కు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ కుటుంబంలోని రసాయనమే ఇప్పుడు కొత్త మందుల వేటలో ల్యాబ్ స్విచ్‌గా మారిపోయింది.

తగ్గించే దారులు మూడు

మొదటిది, పైన చెప్పినట్టు జన్యువు ముందు కొత్త స్విచ్ పెట్టడం.

రెండోది యాంటీసెన్స్. జన్యువు నుంచి ప్రోటీన్ తయారీకి ఒక ఆర్డర్ కాపీ వెళుతుంది. దానికి సరిగ్గా ఎదురు అక్షరాలున్న ఇంకో కాపీని తయారుచేయిస్తే, అది వెళ్లి మొదటి దానికి అతుక్కుపోతుంది. ఆర్డర్ చదవడం కుదరదు, ప్రోటీన్ తగ్గిపోతుంది.

మూడోది క్రిస్పర్ ఇంటర్‌ఫియరెన్స్. క్రిస్పర్ అనగానే డీఎన్‌ఏను కత్తిరించే కత్తెర గుర్తొస్తుంది. ఇక్కడ మాత్రం పదును తీసేసిన కత్తెర వాడతారు. అది వెళ్లి జన్యువు మీద కూర్చుంటుంది కానీ కత్తిరించదు. దారికి అడ్డంగా నిలబడిన లారీలా అన్నమాట. జన్యువు అక్కడే ఉంటుంది, చదివే మెషీన్ మాత్రం ముందుకు పోలేదు. 2013లో స్టాన్లీ చీ తదితరులు ఈ పద్ధతిని ప్రకటించారు. దీని గొప్పతనం ఏంటంటే, గైడ్ ఆర్‌ఎన్‌ఏ అనే అడ్రస్ చీటీ మారిస్తే చాలు, కత్తెర వేరే జన్యువు మీదికి వెళుతుంది. ఒకేసారి వందల జన్యువులను ఒక్కొక్కటిగా పరీక్షించడం దీంతో తేలికైంది.

అసలు పరీక్ష ఎలా చేస్తారు?

సింపుల్‌గా చెప్పాలంటే ఓ టిఫిన్ సెంటర్ ఊహించుకోండి. పది మంది దోసె మాస్టర్లు ఉన్నారు. ఇద్దరు రాకపోయినా పని నడుస్తుంది. అదే ఒక్క మాస్టరే ఉన్న రోజున ఆయన్ను ఎవరైనా పావుగంట మాటల్లో పెట్టినా హోటల్ ఆగిపోతుంది.

బ్యాక్టీరియాలోనూ అంతే. ఒక ఎంజైమ్ మోతాదు తగ్గిస్తే, ఆ ఎంజైమ్‌ను పట్టుకునే మందు చాలా తక్కువ వేసినా బ్యాక్టీరియా పడిపోతుంది. వేరే మెషీన్‌ను కొట్టే మందు వేస్తే మాత్రం సాధారణంగా అంత తేడా రాదు. అంటే ఏ జన్యువును తగ్గించినప్పుడు మందు దెబ్బ పెరిగిందో చూస్తే, ఆ మందు గురి ఎక్కడో తెలిసిపోతుంది.

2016లో అమెరికా, కెనడా సైంటిస్టులు బాసిల్లస్ సబ్‌టిలిస్ అనే బ్యాక్టీరియాలో ఇదే చేశారు. దానికి ప్రాణావసరమైన 289 జన్యువులను క్రిస్పర్‌తో ఒక్కొక్కటిగా మూడో వంతుకు తగ్గించిన సెట్ తయారుచేశారు. తర్వాత టార్గెట్ తెలియని ఓ యాంటీబయాటిక్‌ను వాటి మీద వేశారు. గోడ కట్టడానికి కావాల్సిన కొవ్వు అణువును తయారుచేసే యూపీపీఎస్ అనే ఎంజైమ్ దగ్గర గురి దొరికింది.

రెండు ప్లేట్ల ఆట.. మట్టిలోంచి కొత్త మందు

ఇదే ఐడియాతో మందులు వెతకనూ వచ్చు. మెర్క్ కంపెనీ చేసిన ప్రయోగం దీనికి మంచి ఉదాహరణ. బ్యాక్టీరియా కొవ్వు ఆమ్లాలు తయారుచేసుకోవడానికి ఫాబ్‌ఎఫ్ అనే ఎంజైమ్ కావాలి. చర్మ ఇన్‌ఫెక్షన్లు తెచ్చే స్టెఫైలోకాకస్ ఆరియస్‌లో ఆ ఎంజైమ్‌ను జైలోజ్ స్విచ్, యాంటీసెన్స్‌తో తగ్గించారు.

తర్వాత రెండు ప్లేట్లు పెట్టారు. ఒకదాంట్లో మామూలు బ్యాక్టీరియా, ఇంకోదాంట్లో ఎంజైమ్ తగ్గిన బ్యాక్టీరియా. మట్టి సూక్ష్మజీవుల నుంచి తీసిన ఎక్స్‌ట్రాక్ట్‌లను రెండింటిలోనూ వేశారు. మందు పనిచేసిన చోట బ్యాక్టీరియా పెరగక ఖాళీ వలయం కనిపిస్తుంది. రెండు ప్లేట్లలో వలయం ఒకేలా ఉంటే ఆ మందు గురి వేరే ఎక్కడో ఉందని అర్థం. ఎంజైమ్ తగ్గిన ప్లేట్‌లోనే వలయం పెద్దగా వస్తే, కావాల్సింది దొరికినట్టే.

అలా రెండున్నర లక్షల ఎక్స్‌ట్రాక్ట్‌లను జల్లెడ పడితే, దక్షిణాఫ్రికా మట్టిలోని ఓ స్ట్రెప్టోమైసిస్ సూక్ష్మజీవి నుంచి ప్లాటెన్సిమైసిన్ అనే కొత్త అణువు బయటపడింది. 2006లో నేచర్ జర్నల్‌లో ఈ విషయం ప్రచురించారు. మామూలు బ్యాక్టీరియా మీద పాత పద్ధతిలో వెతికితే, ఎక్స్‌ట్రాక్ట్‌లో కొద్ది మోతాదులో ఉన్న ఇలాంటి అణువు కంటపడకుండా జారిపోయే ఛాన్స్ ఎక్కువ. రెగ్యులేటర్ తగ్గించడం వల్ల చూపు పదునెక్కింది.

పెంచి చూస్తే ఇంకో ట్విస్ట్

రెగ్యులేటర్‌ను పెంచీ చూడొచ్చు. కోట్రైమాక్సజోల్ మాత్రలో ట్రైమెథోప్రిమ్ అనే మందు ఉంటుంది. బ్యాక్టీరియాకు ఫోలేట్ పనికొచ్చే రూపంలోకి మారకుండా, డీహెచ్‌ఎఫ్‌ఆర్ అనే ఎంజైమ్‌ను ఇది అడ్డుకుంటుంది. ఆ ఎంజైమ్‌ను ఎక్కువ తయారుచేయిస్తే బ్యాక్టీరియా మందును తట్టుకుంటుంది. మాస్టర్లు ఎక్కువైతే కొందరిని ఆపినా హోటల్ నడిచినట్టు. రోగుల నుంచి తీసిన కొన్ని ఈ.కోలి రకాలు నిజంగానే ఈ దారిలో మందును తప్పించుకున్నాయి.

మరి అన్ని మందులకూ ఇదే సూత్రమా? కాదు! సిప్రోఫ్లాక్ససిన్ విషయంలో సీన్ రివర్స్ అవుతుంది. ఆ మందు గైరేజ్‌ను ఊరికే ఆపదు. డీఎన్‌ఏను కోసిన స్థితిలోనే దాన్ని బిగించేస్తుంది. అంటే గైరేజే విషంగా మారుతుంది. గైరేజ్ ఎక్కువ ఉంటే కోతలూ ఎక్కువ. అందుకే దాన్ని పెంచితే బ్యాక్టీరియా ఇంకా తేలిగ్గా చస్తుంది. ఆడమ్ పామర్, రాయ్ కిషోని 2014లో ఈ.కోలి మీద ఇలాంటి పరీక్షలు చేసి, టార్గెట్ పెంచినప్పుడు వచ్చే ఫలితం మందును బట్టి మారుతుందని చూపించారు. కాబట్టి ఈ టెక్నిక్ మందు ఎక్కడ కొడుతుందనే కాదు, ఎలా కొడుతుందో కూడా చెబుతుంది.

టీబీ దగ్గర అసలు పరీక్ష

టీబీ బ్యాక్టీరియాతో పని చాలా కష్టం. ఈ.కోలి 20 నిమిషాల్లో రెండింతలు అయితే, ఇది రెండింతలు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. 1998లో దీని జన్యుపటం మొత్తం చదివారు. సుమారు 4,000 జన్యువులున్నాయని తేలింది. వాటిలో ఏది టార్గెట్‌గా పనికొస్తుంది?

2005 నుంచి న్యూయార్క్‌లోని వీల్ కార్నెల్‌లో సబీన్ ఎర్ట్, డిర్క్ ష్నాపింగర్ బృందం టెట్రాసైక్లిన్ స్విచ్‌ను టీబీ బ్యాక్టీరియా జాతికి పనికొచ్చేలా మార్చింది. దీంతో ఓ కొత్త వీలు దొరికింది. స్విచ్ ఉన్న టీబీ బ్యాక్టీరియాను ఎలుకకు ఎక్కించి, ఎలుక తినే మేతలోనో తాగే నీళ్లలోనో డాక్సీసైక్లిన్ కలుపుతారు. ఊపిరితిత్తుల్లో దాక్కున్న బ్యాక్టీరియాలో జన్యువు ఆన్, ఆఫ్ అవుతుంది. ఇన్‌ఫెక్షన్ మొదట్లోనే కాదు, వారాల తర్వాత బ్యాక్టీరియా పాతుకుపోయాక కూడా బటన్ నొక్కొచ్చు.

ఇది ఎందుకు పెద్ద విషయం అంటే, టీబీ పేషెంట్ మందు మొదలుపెట్టేది జబ్బు ముదిరాకే కదా. అప్పుడు కూడా బ్యాక్టీరియాకు ఆ జన్యువు కావాలి. 2007లో ఇలాగే ప్రోటియాజోమ్ అనే ప్రోటీన్ ముక్కలు చేసే మెషీన్‌ను ఆపి చూశారు. ఎలుకలో దీర్ఘకాలం నిలిచి ఉండడానికి టీబీ బ్యాక్టీరియాకు అది కావాల్సిందేనని తేలింది.

అవసరం వేరు.. బలహీనత వేరు

ఇక్కడే ఇంకో ముఖ్యమైన పాయింట్ బయటపడింది. గ్యాస్ సిలిండర్ చివరికి వచ్చే వరకు మంట బాగానే వస్తుంది. బోరు మోటార్ అలా కాదు, వోల్టేజ్ కాస్త పడితే ఆగిపోతుంది. గ్యాస్, కరెంట్ రెండూ అవసరమే. కానీ కాస్త తగ్గించినా దెబ్బ తగిలేది మోటార్‌కే.

జన్యువులూ ఇంతే. బయోటిన్ అనే విటమిన్ తయారీలో బయోఏ అనే ఎంజైమ్ ఉంటుంది. టీబీ బ్యాక్టీరియాకు అది అవసరమే. కానీ అందులో చాలా కొద్ది మోతాదు మిగిలినా బతికేస్తుందని 2011లో చూపించారు. అంటే దీని మీద మందు చేయాలంటే ఆ ఎంజైమ్‌ను దాదాపు మొత్తంగా ఆపాలి. అది చాలా కష్టమైన పని. 2021లో టీబీ జన్యువులన్నింటి మీదా క్రిస్పర్‌తో రకరకాల స్పీడ్లలో రెగ్యులేటర్ తిప్పి, ఏది ఎంత తగ్గితే బ్యాక్టీరియాకు దెబ్బ అనే పెద్ద మ్యాప్ తయారుచేశారు. కొద్దిగా తగ్గినా చచ్చే జన్యువులను ముందు ఎంచుకుంటే, కంపెనీల డబ్బూ టైమూ మిగులుతాయి. అదే మ్యాప్ ముందే ఉంటే..?

గ్లాక్సో స్మిత్‌క్లైన్ అనుభవం చూడండి. 1995 నుంచి 2001 వరకు ఆ కంపెనీ 70 భారీ స్క్రీనింగ్‌లు నడిపింది. ముందుకు తీసుకెళ్లదగ్గ అణువులు దొరికింది ఐదింటిలోనే. ఆ లెక్కను కంపెనీ సైంటిస్టులే 2007లో బయటపెట్టారు.

అన్నీ ప్లస్సులేనా? కాదు

ఈ టెక్నిక్‌కు పరిమితులూ ఉన్నాయి.

- స్విచ్ ఆఫ్ చేసినా కాస్త లీక్ అవుతుంది. చివరి బొట్టు వరకు ఆపడం అన్నిసార్లూ కుదరదు.
- బ్యాక్టీరియాలో జన్యువులు రైలు పెట్టెల్లా వరుసగా ఉంటాయి. క్రిస్పర్‌తో ఒక పెట్టెను ఆపితే వెనకున్నవీ ఆగుతాయి. అప్పుడు దెబ్బ ఏ జన్యువు వల్ల తగిలిందో విడిగా తేల్చుకోవాలి.
- జన్యువును తగ్గిస్తే ఎంజైమ్ మెల్లగా తగ్గుతుంది. మందు మాత్రం ఉన్నపళంగా ఆపుతుంది. రెండింటి ఫలితం ఒకటే అని గ్యారెంటీ లేదు.
- మంచి టార్గెట్ దొరికినా, మందు బ్యాక్టీరియా గోడ దాటి లోపలికి వెళ్లాలి. చాలా అణువులు ఫెయిలయ్యేది అక్కడే.
- ప్లేట్‌లో ప్రాణావసరమైనది, శరీరంలో కాకపోవచ్చు. కొన్ని బ్యాక్టీరియాలు మన రక్తంలోని కొవ్వు ఆమ్లాలనే వాడుకుని బతికేయగలవని 2009లో ఓ అధ్యయనం చూపించింది. ప్లాటెన్సిమైసిన్ కొట్టే దారి మీద చర్చ మొదలైంది అందుకే. ఆ అణువు ఇప్పటికీ మందుల షాపు దాకా రాలేదు.

అలాగని ఇదొక్కటే దారి కూడా కాదు. టీబీ మందు బెడాక్విలిన్ టార్గెట్‌ను, ఆ మందును తట్టుకున్న బ్యాక్టీరియా జన్యువుల్లో వచ్చిన మార్పులు చదివి పట్టుకున్నారు. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వస్తే నమ్మకం పెరుగుతుంది.

హైదరాబాద్‌లోనూ ఇదే వేట

బ్యాక్టీరియా గోడ ఎలా పెరుగుతుందన్న ప్రశ్న మీద హైదరాబాద్ సీసీఎంబీలో మంజులా రెడ్డి బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. గోడ పెరగాలంటే ముందు పాత గోడలో కొన్ని కుట్లు విప్పాలి. ఈ.కోలిలో ఆ పని చేసే మూడు ఎంజైమ్‌లను ఈ బృందం 2012లో గుర్తించింది. మూడూ లేకపోతే బ్యాక్టీరియా బతకదు. ఒకటి పోతే ఇంకోటి ఆదుకుంటుంది కాబట్టి, ఒక్కో జన్యువును తీసేసి చూసే పాత పద్ధతికి ఇలాంటివి చిక్కవు. గోడ మీద చేసిన ఈ పరిశోధనలకు 2019లో ఆమెకు ఇన్ఫోసిస్ ప్రైజ్ వచ్చింది. పెన్సిలిన్ వచ్చి ఇన్నేళ్లయినా, గోడలో కొత్త టార్గెట్లు ఇంకా మిగిలే ఉన్నాయని దీన్నిబట్టి అర్థమవుతోంది.

మరి మనం తెలుసుకోవాల్సిందేంటి?

టార్గెట్ సంగతి తెలిస్తే మన ఇంట్లో జరిగే ఓ పొరపాటు కూడా అర్థమవుతుంది. జలుబు, ఫ్లూ తెచ్చేది వైరస్. దానికి గోడ లేదు, సొంత రైబోజోమ్ లేదు, గైరేజ్ లేదు. అంటే అజిత్రోమైసిన్ వేసుకున్నా, సిప్రోఫ్లాక్ససిన్ వేసుకున్నా అది కొట్టాల్సిన టార్గెట్టే అక్కడ ఉండదు. దెబ్బ తగిలేది మన పేగుల్లో ఉన్న మంచి బ్యాక్టీరియాకు, బతికి బట్టకట్టేది మందును తట్టుకున్న మొండి రకాలు.

ఒక్క కొత్త టార్గెట్ దొరకడానికి లక్షల ఎక్స్‌ట్రాక్ట్‌లు, వేల జన్యువులు, ఏళ్ల తరబడి ప్రయోగాలు కావాలి. ఉన్న మందులు ఇంకొన్నాళ్లు పనిచేయాలంటే డాక్టర్ చెప్పకుండా యాంటీబయాటిక్ వేసుకోవద్దు. రాసిస్తే మాత్రం చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడండి. పక్కింటి వాళ్లకు తగ్గిందని అదే మాత్ర తెచ్చుకోవద్దు. వాళ్లకొచ్చిన బ్యాక్టీరియా వేరు, మీకొచ్చింది వేరు కావొచ్చు.